పెట్టెలో ఒక నల్ల గోలీ

ఎల్క్ ప్రెయిరీ, అయోవా
1988 జనవరి 17

పిన్నీ,

డులూత్‌లో సరస్సు గడ్డకట్టిందా, ముందు నీ మోకాళ్ళే గడ్డకట్టాయా? క్రిస్మస్‌కి నువ్వు అల్లి పంపిన స్వెటర్ వేసుకునే ఇది రాస్తున్నాను. చేతులు కాస్త పొడుగయ్యాయి. వేళ్ళు కూడా వెచ్చగా ఉంటున్నాయి కాబట్టి ఫిర్యాదేమీ లేదు.

ఈ ఏడాది మా సొరోరిటీలో, అదే మా కాలేజీ ఆడపిల్లల సంఘంలో, పాఠాలు చెప్పే పని నా నెత్తిన పడింది. అరవై రెండు మంది ఆడపిల్లలకి సంఘం నియమాలన్నీ నేనే బోధించాలి. వాళ్ళలో సగం మంది గోళ్ళకి రంగు వేసుకుంటూ వింటారు. మొదటి పాఠమే చిక్కుగా ఉంది. కాలేజీ రోజుల్లో సంఘంలో చేరని ఆడవాళ్ళకి, పెద్దయ్యాక కూడా దీక్ష ఇచ్చి పాత సభ్యురాళ్ళతో సమానంగా మనలో కలుపుకోవచ్చట. మీరిద్దరూ ఇక్కడి సభ్యురాళ్ళే కాబట్టి నీకూ అమ్మకీ ఇది తెలిసే ఉంటుంది. నాకు మొన్నటిదాకా తెలియదు.

ఇదంతా మా హౌస్ మదర్ కోసం. ఆరేళ్ళ క్రితం భర్త పోయాక వచ్చి మేమంతా ఉండే ఈ ఇల్లు చూసుకుంటోంది. మాకు జ్వరమొస్తే సూప్ కాస్తుంది, పరీక్ష పోతే పక్కన కూర్చుంటుంది. దీక్షకి వేసుకునే తెల్ల గౌన్లన్నీ ఆవిడే అంచులు కుట్టి ఇస్త్రీ చేస్తుంది. కానీ దీక్ష జరిగే ఆదివారం మధ్యాహ్నం సభ్యురాలు కానివాళ్ళు ఈ కప్పు కింద ఉండకూడదు కదా. సరిగ్గా రెండింటికి కోటు వేసుకుని, పర్సు చంకన పెట్టుకుని, మెయిన్ స్ట్రీట్‌లో కాఫీ హోటల్‌కి వెళ్ళి అయిదు దాకా కూర్చుంటుంది. తను కుట్టిన గౌను ఒక్కటి కూడా మనిషి ఒంటిమీద చూడలేదు. నా దీక్ష రోజున ఆవిడ మంచులో అడుగు చూసుకుంటూ వెళ్ళడం కిటికీలోంచి చూశాను. అది నన్ను వదలడం లేదు.

మొన్న మొదటి పాఠం చెప్పాను. ప్రశ్నలు వింటే నవ్వుతావు. "ఆవిడకి కూడా మనం చప్పట్లు కొడుతూ పాట నేర్పాలా?" అని ఒకతె. "రిటైరయ్యేవాళ్ళకి గడియారం ఇస్తారే, అలాంటిదా?" అని ఇంకొకతె. పోయినేడు చేరిన క్రిస్టా అని ఒక పిల్ల ఉంది. ఇంటి మీద బెంగతో సగం కాలం ఆవిడ గదిలోనే పడి ఉంటుంది. "అయితే పాత సభ్యురాళ్ళలా ఆవిడ కూడా వెళ్ళిపోతుందా?" అంది. "ముందు నీ పెట్టె సర్ది నిన్ను పంపి, తర్వాత ఆవిడ వెళ్తుందిలే" అన్నాను. అందరూ పడిపడి నవ్వారు, అదీ నవ్వింది.

ఇద్దరు పాత సభ్యురాళ్ళు ఆవిడని సిఫారసు చేస్తూ ఉత్తరాలివ్వాలి. ఒకటి ఊళ్ళో పళ్ళ డాక్టరు గారి భార్య ఇచ్చింది. రెండోది నువ్వే రాయాలి. ఆవిడ పేరు వెల్డా సెడ్లాచెక్. పుట్టింటి పేరు కుచెరా. ఒక్కటే నాకు అంతుపట్టదు. అందరితో వెన్నలా ఉండే మనిషి, నేను కోరిన్ కూతుర్నని తెలిసినప్పట్నించీ నాతో మాత్రం ముక్తసరిగా ఉంటుంది. అమ్మ పోయి మూడేళ్ళయింది కదా, నన్ను చూస్తే జాలేస్తుందేమో అనుకుంటున్నాను.

వెంటనే రాయి.

నీ గ్వెన్


డులూత్, మిన్నెసోటా
1988 జనవరి 25

గ్వెన్ తల్లికి,

నీ ఉత్తరం గురువారమే వచ్చింది. జవాబు రాద్దామని కూర్చుంటే పక్కింటి ఎల్మర్ వచ్చి పైపులు గడ్డకట్టాయని గోల పెట్టాడు. శనివారం చర్చి విందుకి నేను చేసిన బంగాళాదుంపల హాట్‌డిష్ మాడిపోయింది. పాస్టరు గారి భార్య "అడుగున కరకరలాడుతూ బాగుంది ఆర్లీన్" అంది. ఆవిడ అబద్ధం ఆడగా వినడం నాకిదే మొదటిసారి.

పాఠం సంగతికొస్తే, నీ పిల్లలకి ఇలా చెప్పు. పెద్దయ్యాక ఇచ్చే దీక్ష బహుమతి కాదు. చేసిన చాకిరీకి బోనసూ కాదు. అదే ప్రమాణం, గుండె మీద పెట్టుకునే అదే సంఘం పిన్ను. చేరిన క్షణం నుంచి ఆమె మీ కిందా ఉండదు, మీ పైనా ఉండదు, మీ అక్క అవుతుంది అంతే. ఇంకొకటి ఉంది, అది ఎవరూ చెప్పరు. ముందు ఆమెకి ఇష్టమో కాదో అడగాలి. ఇవ్వడం మన గొప్ప కాదు, ఇన్నేళ్ళ తర్వాత పుచ్చుకోవడానికి ఒప్పుకోవడం ఆమె గొప్ప.

సిఫారసు ఉత్తరం మాత్రం నేను రాయలేను. నన్నడిగితే ఆవిడ జోలికే వెళ్ళకండి. ఓటుకి గోలీలు వేసే ఆ చెక్కపెట్టె ఇంకా ఉంది కదా? అంతమందిలో ఒక్కరు వద్దని నల్ల గోలీ వేస్తే చాలు. పిలిచి కూర్చోబెట్టిన మనిషిని లేవమంటే, ఆ మనిషి జన్మంతా నిలబడే ఉంటుంది. ఆవిడ పని ఆవిడని చేసుకోనివ్వండి.

ఎందుకని అడగకు. నా మోకాళ్ళ సంగతి అడిగావు కదా, అవి నన్ను మెట్లెక్కనివ్వడం లేదు.

ప్రేమతో,
మీ పిన్ని


ఎల్క్ ప్రెయిరీ
1988 ఫిబ్రవరి 2

పిన్నీ,

నువ్వింత డాబుమనిషివని నేననుకోలేదు. "ఆవిడ పని ఆవిడని చేసుకోనివ్వండి" అట! జీతం తీసుకునే మనిషి మన సరసన కూర్చోకూడదనేగా? తాతయ్య ధాన్యం గోదాములో బస్తాలు మోసినవాడని మర్చిపోయావా?

నాకు ఒళ్ళు మండింది. ఆదివారం పాఠంలో నీ ఉత్తరం ముక్క చదివి వినిపించాను. "చూడండి, పాతకాలం వాళ్ళు ఎలా ఆలోచిస్తారో" అన్నాను. నీ పేరు చెప్పలేదు. కానీ వెల్డా గారు గౌన్ల బుట్ట పట్టుకుని గుమ్మం అవతలే ఉన్నారు. అందరూ వెళ్ళాక, "ఎవరిదా ఉత్తరం?" అని అడిగారు. మా పిన్నిది, ఆర్లీన్ అని చెప్పాను.

మర్నాడు పొద్దున నన్ను వంటింట్లోకి పిలిచి, "నా పేరు కొట్టేయి గ్వెన్. మీ అమ్మ ఒకసారి చేసింది చాలు" అన్నారు.

ఏం చేసిందని అడిగితే చెప్పారు. 1956లో ఆవిడ నీ హాస్టల్ గదిలోనే ఉండేవారట! ఈ సంఘంలోనే చేరబోయారట. గౌను కూడా కుట్టుకున్నాక ఓటింగులో నల్ల గోలీ పడింది. అమ్మ ప్రెసిడెంటు. అమ్మే హాస్టల్‌కి వచ్చి చెప్పింది. "ఎవరు వేశారు కోరిన్?" అంటే నేల చూపులు చూస్తూ "చెప్పకూడదు" అందట. "నా మొహంలోకి చూడలేకపోయింది. అప్పుడే తెలిసింది నాకు" అన్నారు వెల్డా గారు. ఆ వేసవిలో చదువు మానేసి బట్టల కొట్లో కుట్టుపనికి చేరిపోయారట. భర్త పోయాక పేపర్లో ఈ ఉద్యోగం ప్రకటన చూశారు. "ఆ గుమ్మం దాటడానికి నాకు దొరికిన దారి అదొక్కటే" అన్నారు.

నేను అక్కడే ఏడ్చేశాను. అమ్మ తరఫున క్షమించమని అడిగాను. మెట్ల పక్కన 1956 ఫోటో ఉంది కదా, మధ్యలో అమ్మ నవ్వుతూ కూర్చుని ఉంటుంది. ఇప్పుడు ఆ మెట్లెక్కేటప్పుడు అటు చూడడం మానేశాను.

నీకిదంతా తెలుసు. అమ్మ పరువు కాపాడదామని రాయనన్నావు. అంతేనా?

గ్వెన్


డులూత్
1988 ఫిబ్రవరి 8

గ్వెన్,

ఆ ఫోటో వైపు చూడు. ముందు ఆ పని చెయ్యి. తర్వాత ఇది చదువు.

ఆ గోలీ నేను వేశాను.

నీ మొదటి ఉత్తరంలో వెల్డా పేరు చూసినప్పట్నించీ తేలు కుట్టిన దొంగలా తిరుగుతున్నాను. ఎల్మర్ పైపులు గురువారం గడ్డకట్టలేదు, ఎప్పుడో కట్టాయి. జవాబు రాయడానికి భయం వేసి అలా రాశాను. నువ్వు మీ అమ్మ తరఫున క్షమాపణ అడిగావన్న చోట ఇక చదవలేక ఉత్తరం మడిచేశాను.

మన సంఘంలో పెద్ద సభ్యురాలు ఒక్కొక్కతె ఒక కొత్తపిల్లని చెల్లిగా ఎంచుకుని, దీక్షలో తన చేత్తో పిన్ను పెట్టాలి కదా. నేను చేరిన ఏడాది అక్క నన్ను ఎంచుకోలేదు. "నువ్వెలాగూ నా చెల్లివే కదే పిచ్చిదానా, ఆ చోటు ఇంకొకళ్ళకి ఉంచుతాను" అంది. నిజమే కదా అని ఊరుకున్నాను. మర్నాటి ఏడాది వెల్డా వచ్చింది. పియానో వాయించేది, చెక్ పాటలు పాడి అందరినీ నవ్వించేది. వారం తిరక్కుండా అక్క వెల్డాని ఎంచుకుంది. ఆదివారాలు ఇద్దరూ కలిసి కేకులు చేసేవాళ్ళు. "మా చెల్లి" అని అక్క అందరికీ చూపిస్తుంటే, నేను ఆ గదిలోనే నిలబడి ఉండేదాన్ని.

ఓటు రోజున ఒక తెల్లది, ఒక నల్లది చేతికిచ్చారు. పెట్టెలో చెయ్యి పెట్టాను. లోపలిది ఎవరికీ కనపడదు. భయపెడదాం, ఒక వారం ఆగుతుంది, మళ్ళీ ఓటు పెడతారు అనుకున్నాను. ఇది సాకు. ఆ క్షణంలో వెల్డా పోవాలనే అనుకున్నాను. అక్క మూత తీసి చూసి చాలాసేపు మూత వెయ్యలేదు. ఏ ఒక్కరి మొహంలోకీ చూడలేదు, నా మొహంలోకి అసలు చూడలేదు. కోటు వేసుకుని హాస్టల్‌కి నడిచి వెళ్ళింది.

ఎవరు ఏ గోలీ వేసిందీ బయటపెట్టనని మేమందరం ప్రమాణం చేశాం. దాని చాటున నేను ముప్పై రెండేళ్ళు దాక్కున్నాను. వెల్డా నిన్నే అనుమానిస్తోంది అక్కా అని ఒక్కమాట అనలేదు. అక్క కూడా నన్నెప్పుడూ అడగలేదు. ఆస్పత్రిలో, పోయేముందు, నైటీకి పెట్టుకున్న పిన్ను తీసి నా చేతిలో పెట్టింది. "వెల్డాకి ఇవ్వు. ఎందుకో నీకు తెలుసు" అంది. అంతే అంది. మూడేళ్ళుగా అది నా మంచం పక్క సొరుగులో ఉంది. వెల్డా ఎక్కడుందో తెలియదని నాకు నేను చెప్పుకున్నాను. కనుక్కోలేదు కూడా.

ఈ ఉత్తరం ఆవిడకి చూపించు. ఇంతకంటే నేనేమీ అడగను.

ఆర్లీన్


ఎల్క్ ప్రెయిరీ
1988 ఫిబ్రవరి 14

పిన్నీ,

చూపించాను. ఇస్త్రీ బల్ల దగ్గర నిలబడే చదివారు. మొదటిసారి చదివారు, మళ్ళీ మొదటికి వచ్చారు. ఈలోగా ఇస్త్రీపెట్టె కింద గౌను కాలి గోధుమరంగు మచ్చ పడింది. ఆరేళ్ళలో ఒక్క గౌను కాల్చలేదు ఆవిడ.

"కోరిన్ తన పెళ్ళప్పుడు ఒక ఉత్తరం రాసింది. నువ్వు పుట్టినప్పుడు ఒకటి. మా ఆయన పోయినప్పుడు ఒకటి. మూడూ విప్పకుండా తిప్పి పంపేశాను" అన్నారు. అక్కడే కింద కూర్చుండిపోయారు. నేనూ పక్కనే కూర్చున్నాను. అమ్మని నేనూ నమ్మలేదు కదా. ఒక్కమాటతో నమ్మడం మానేశాను.

నిన్ను నేను క్షమించానని అనుకోకు. ఇంకా లేదు.

నిన్న సాయంత్రం ఆవిడ ఒక మాట చెప్పారు. పేరు మళ్ళీ పెట్టమన్నారు, ఒక షరతు మీద. పాత సభ్యురాలు ఎవరైనా వచ్చి ఓటు వెయ్యొచ్చు కదా. "మీ పిన్నిని రమ్మను. ఆ పెట్టెలో మళ్ళీ చెయ్యి పెట్టమను. ఏది వేస్తుందో నాకు చెప్పక్కర్లేదు." ఓటు ఈ నెల 28, ఆదివారం.

గ్వెన్


డులూత్
1988 ఫిబ్రవరి 19

గ్వెన్,

వస్తున్నాను. బస్సు ఆదివారం పదకొండింటికి దింపుతుంది, సాయంత్రం అయిదున్నరకి తిరుగు బస్సు. రాత్రి ఉండమని అడగొద్దు, ఎవరికీ ఇబ్బంది వద్దు. సిఫారసు ఉత్తరం దీనితో ఉంది. మూడుసార్లు రాసి చించాను. ఇది నాలుగోది, మొదటి మూడింటికంటే చిన్నది.

పిన్ను పర్సులో పెట్టాను. అయిదు నిమిషాలకోసారి ఉందో లేదో చూసుకుంటున్నాను.

పిన్ని


ఎల్క్ ప్రెయిరీ
1988 ఫిబ్రవరి 29

ఆర్లీన్ పిన్నికి,

నేనీ పిల్లలందరితో రోజూ ఒకే బల్ల మీద తింటున్నాను. పాఠంలో వెల్డా గారి పేరెత్తితే చప్పట్లు కొట్టారు. ఒక్కరు కూడా కాదనలేదు. అరవై నాలుగు చేతులు పెట్టెలోకి వెళ్ళాయి, అందులో నాకు తెలియని చెయ్యి ఒక్కటే.

మూత తీసినప్పుడు ఆ నల్లదాన్ని చూశాను, నీ వైపు చూశాను. కోటు తీసుకుని వెళ్ళిపోయావు.

ఎందుకొచ్చావు పిన్నీ? రెండోసారి చెయ్యడానికా?

ఇక రాయకు.

గ్వెన్


డులూత్
1988 మార్చి 5

గ్వెన్ తల్లికి,

రాయవద్దన్నావు. ఈ ఒక్కటీ చదివి తర్వాత నీ ఇష్టం.

నేను ఏ గోలీ వేశానో చెప్పను. ఆ ప్రమాణం ఒకసారి తప్పాను, నా తప్పు ఒప్పుకోవడానికి. నన్ను నేను కాపాడుకోవడానికి మాత్రం తప్పను. మీ అమ్మ నోరు విప్పితే ఆమె తప్పులేదని వెల్డాకి ఆ రోజే తెలిసేది. విప్పలేదు. నువ్వు నా వైపు చూసిన చూపు ఎలా ఉంటుందో, అది మోసుకుంటూ మంచులో నడవడం ఎలా ఉంటుందో నాకిప్పుడు తెలిసింది. తెలియాల్సిందే.

నేను పారిపోలేదు. మీ ప్రెసిడెంటు పిల్ల తలుపు దగ్గర కూర్చుని ఏడుస్తోంది. ఎవరో ఒకరు వెళ్ళి చెప్పాలి కదా. కాఫీ హోటల్‌కి నడిచాను. ఓటు అయ్యేదాకా ఇంట్లో ఉండకూడదని వచ్చిన వెల్డా కిటికీ పక్కన కోటు విప్పకుండా కూర్చుని ఉంది. నన్ను చూసి "నల్లదా?" అంది. అవునన్నాను. నువ్వేనా అని అడుగుతుందని నిలబడ్డాను. అడగలేదు. కేకు ప్లేటు నా వైపు తోసి, "బస్సుకి ఇంకా గంటుంది, కూర్చో" అంది. పిన్ను ఇవ్వబోతే పుచ్చుకోలేదు. "అది ఇక్కడ కాదు, ఆ ఇంట్లో పెట్టాలి. పెట్టేరోజు వస్తే" అంది. అందుకే పార్సిల్‌లో నీకు పంపుతున్నాను.

బస్సులో దారంతా ఒక్కటే ఆలోచించాను. నల్ల గోలీ ఎప్పుడూ ద్వేషంతోనే పడదు. నాది కోపంతో పడింది, కానీ ఆ కోపం ఎక్కణ్ణించి వచ్చింది? మా అక్క నాకు దక్కకుండా పోతుందన్న భయంలోంచి. నీ మొదటి ఉత్తరం మళ్ళీ తీసి చదివాను. ఎవరో చిన్నపిల్ల ఏదో అడిగిందని, నువ్వు నవ్వేశావని రాశావు. ఆ పిల్లకి జవాబు చెప్పు. నవ్వకుండా చెప్పు.

పిన్ని


ఎల్క్ ప్రెయిరీ
1988 మార్చి 14

పిన్నీ,

ఎలా మొదలుపెట్టాలో తెలియక అరగంట నుంచి కూర్చున్నాను.

బుధవారం అందరినీ మళ్ళీ కూర్చోబెట్టాను. "జనవరిలో ఒక ప్రశ్న అడిగితే వెక్కిరించాను. ఇవాళ జవాబు చెప్తున్నాను" అన్నాను. "పెద్దయ్యాక దీక్ష తీసుకున్నవాళ్ళు ఎక్కడికీ వెళ్ళిపోరు. మన పాత సభ్యురాళ్ళు వెళ్ళేది చదువు అయిపోయి, దీక్ష అయిపోయి కాదు. వెల్డా గారి గది ఆవిడదే, ఉద్యోగం ఆవిడదే. మారేది ఒక్కటే. దీక్ష రోజున ఆవిడ బయటికి పోనక్కర్లేదు."

క్రిస్టా మొహం చేతుల్లో దాచుకుని వెక్కివెక్కి ఏడ్చింది. ఎవరం ఏమీ అడగలేదు. అడగకూడదు కదా. ప్రెసిడెంటు లేచి, "పొరపాటు జరిగిందని తోస్తే ఒకసారి మళ్ళీ ఓటు పెట్టే నియమం ఉంది" అంది. పెట్టాం. అన్నీ తెల్లవే.

పాఠం చెప్పాల్సింది నేను. చెప్పకుండా జోకు వేసింది నేను. ఆ జోకు పెట్టెలో నల్లగోలీ అయి పడితే, ఆ నేరం నీ మీద వేసిందీ నేనే. అమ్మని ఒక్కమాటతో అనుమానించాను, నిన్ను ఒక్కచూపుతో. నువ్వు నాకు ఒక్కమాట ఎదురు చెప్పలేదు. నన్ను తిట్టు పిన్నీ. ఒక ఉత్తరం నిండా తిట్టు. అప్పుడు కాస్త తేలికపడతాను.

దీక్ష నిన్న మధ్యాహ్నం జరిగింది. నువ్వుండాల్సింది. రెండింటికి మేమందరం గౌన్లు వేసుకుని హాల్లో వరసగా నిలబడ్డాం. వెల్డా గారు మెట్లు దిగి వచ్చారు. గౌను మీద కోటు వేసుకుని, పర్సు చంకన పెట్టుకుని! అలవాటు. కింది మెట్టు మీద గుర్తొచ్చి ఆగిపోయారు. క్రిస్టా వెళ్ళి కోటు విప్పి తగిలించింది. ఆవిడ ఒక్కొక్క పిల్ల దగ్గర ఆగి, ఒక్కొక్క గౌను అంచు పట్టుకుని చూస్తూ వచ్చారు. "ఇది రెండంగుళాలు వదలాల్సింది" అని నాతో అన్నారు. అమ్మ పిన్ను నేనే పెట్టాను. సూది జారి నా వేలికే గుచ్చుకుంది.

నీకు రాస్తున్నానంటే కాగితం అడుగున కాస్త చోటు వదలమన్నారు. వదిలాను.

నీ గ్వెన్

ఆర్లీన్,

నేను నిన్ను క్షమించానో లేదో నాకే ఇంకా తెలియదు. అడగకు. పిన్ను బరువుగా ఉంది, రోజంతా పెట్టుకునే ఉన్నాను. కోరిన్ ఉత్తరాలు మూడు విప్పకుండా తిప్పి పంపాను. ఆ పని ఇంకెవరికీ చెయ్యను. నువ్వు రాయి, విప్పుతాను.

వెల్డా